ఆ కార్డుల్లో ఆదివాసులు కూడా ఉన్నారు



మన గ్రూపులో పోస్టులు ఎక్కువగా పోడు భూముల మీద, జీవోల మీద, మన వీరుల మీద వస్తుంటాయి. ఇది కాస్త వేరే దారిలో పోయే పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి. అమెరికాలో నూరేళ్ళ కిందట సిగరెట్ పెట్టెల్లో, మిఠాయి పొట్లాల్లో వేసి ఇచ్చిన ఆటగాళ్ళ బొమ్మల గురించి రాస్తున్నాను. వాటికీ మనకీ ఏంటి సంబంధం అంటారా? డిగ్రీలో బోర్డింగ్ స్కూళ్ళ చరిత్ర మీద ప్రాజెక్టు చేస్తుంటే ఒక పాత కార్డు బొమ్మ కనిపించింది. దాని మీద ఉన్నది ఒజిబ్వే తెగ మనిషి, పేరు చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. అక్కణ్ణించి తీగ లాగితే డొంకంతా కదిలింది.

మనం చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడాం కదా. మన మామయ్యల తరం అగ్గిపెట్టె అట్టలు పోగేసి పందెం కాసేవాళ్ళు. ఇవీ అలాంటివే. కానీ ఇప్పుడు అలాంటి అట్టముక్క ఒక్కటి కోట్ల రూపాయలు పలుకుతోంది. అది వార్త. వార్తల్లోకి రాని సంగతి ఇంకొకటుంది. పెద్ద పేరున్న కార్డు ఎంత ఖరీదైనా ఏదో ఒక వేలంలో కనిపిస్తూనే ఉంటుంది. ఎవరికీ అంతగా తెలియని పాత కార్డులు మాత్రం ఏడాదికేడాది కనిపించడమే మానేస్తున్నాయి. పోగేసేవాళ్ళు ఏళ్ళ తరబడి వెతికినా దొరకడం లేదు. (అక్కడ వాళ్ళని కూడా కలెక్టర్లనే అంటారు. మన ఐటీడీఏ మీటింగుకి వచ్చే కలెక్టర్ కాదు!) ఎందుకు దొరకడం లేదు అన్నదే ఈ పోస్టు.

మొదట ఈ కార్డులు ఎందుకు పుట్టాయో చూద్దాం. 1880లలో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాయితం పెట్టెల్లో వచ్చేవి. జేబులో పెడితే నలిగిపోయేవి. లోపల ఒక గట్టి అట్టముక్క పెడితే పెట్టె నిలబడుతుంది. ఆ అట్ట ఖాళీగా ఎందుకు ఉండాలి, ఒక బొమ్మ అచ్చేస్తే జనం మళ్ళీ మళ్ళీ కొంటారు అని కంపెనీలకి తట్టింది. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో 50 మంది ప్రపంచ ఛాంపియన్ల కార్డులు వేసింది. బేస్‌బాల్ వాళ్ళు 10 మంది, మిగతా వాళ్ళు కుస్తీ, బాక్సింగ్, పడవ పందేలు, తుపాకీ గురి లాంటి ఆటల వాళ్ళు. అదే కాలంలో గుడ్‌విన్ అనే కంపెనీ ఓల్డ్ జడ్జ్ అనే సిగరెట్ పేరు మీద నిజం ఫొటోలు అట్టకి అంటించి 500 మందికి పైగా ఆటగాళ్ళ కార్డులు తెచ్చింది.

అదే అలెన్ అండ్ గింటర్ 1888లో ఇంకో సెట్ వేసింది. అందులో 50 మంది అమెరికా ఆదివాసీ నాయకుల బొమ్మలు. ఈకల కిరీటాలు, రంగు రంగుల ముఖాలు. సిట్టింగ్ బుల్ ఉన్నాడు, జెరోనిమో ఉన్నాడు. ఆ కార్డు సిగరెట్ పెట్టెలో తిరుగుతున్న రోజుల్లో జెరోనిమో అమెరికా సైన్యం చేతిలో యుద్ధఖైదీ. సిట్టింగ్ బుల్‌ని ఇంకో రెండేళ్ళకి, 1890 డిసెంబరులో, అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులే కాల్చి చంపారు. అంటే ఒక చేత్తో మనిషిని బంధించి ఇంకో చేత్తో వాడి బొమ్మ సిగరెట్‌కి ఉచితంగా ఇచ్చారన్నమాట. ఆటగాళ్ళ కార్డులు, ఆదివాసుల కార్డులు ఒకే ప్రెస్సులో ఒకే పని కోసం పుట్టాయి. తెల్లవాడు ఛాంపియన్ సెట్‌లో, ఆదివాసి వింత బొమ్మల సెట్‌లో. ఈ గీత గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1890లో డ్యూక్ అనే పొగాకు వ్యాపారి పోటీ కంపెనీలన్నిటినీ కలిపి అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టాడు. అలెన్ అండ్ గింటర్, గుడ్‌విన్ రెండూ అందులో కలిసిపోయాయి. పోటీయే లేనప్పుడు బొమ్మలు పంచి ఖర్చు పెట్టుకోవడం ఎందుకు? తర్వాత పదిహేనేళ్ళకి పైగా ఆటల కార్డులు బాగా పలచబడిపోయాయి.

సరిగ్గా ఆ ఖాళీలోనే లూయీ సోకలెక్సిస్ ఆడాడు. ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో పెనోబ్‌స్కాట్ తెగ వాడు. 1897లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ జట్టులోకి వచ్చి మొదటి ఏడే .338 సగటుతో కొట్టాడు. ఆ ఆటలో .300 దాటితేనే గొప్ప. మైదానంలో జనం వెక్కిరింపుగా యుద్ధకేకలు వేసేవాళ్ళు. గాయం, తాగుడు కలిసి మూడు సీజన్లకే అతని ఆట ముగించాయి. 1913లో చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి క్లీవ్‌లాండ్‌లోని ఇంకో జట్టు ఇండియన్స్ అని పేరు పెట్టుకుని 2021 దాకా అదే పేరుతో వ్యాపారం చేసుకుంది. అతను ఐదారేళ్ళు ముందు పుట్టి ఉంటే ఓల్డ్ జడ్జ్ కార్డుల్లో ఉండేవాడు. పదేళ్ళు వెనక పుట్టి ఉంటే తర్వాతి సెట్లలో ఉండేవాడు. అరుదు అనేది కొన్నిసార్లు ఇలా మొదలవుతుంది. కార్డు పోవడం కాదు, కార్డు వేసే కాలంలో నువ్వు లేకపోవడం.

1909లో కార్డులు మళ్ళీ వచ్చాయి, ఈసారి వరదలాగా. 1909 నుంచి 1911 దాకా 16 రకాల సిగరెట్ బ్రాండ్లలో ఒకే పద్ధతి కార్డులు వేశారు. దాన్ని ఇప్పుడు టి206 సెట్ అంటారు. తేడాలన్నీ లెక్కేస్తే 524 రకాలు. మన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి, తెల్ల అంచు, లోపల రంగుల బొమ్మ, కింద పేరు, ఊరు. బెండర్ బొమ్మ ఇందులో మూడు రకాలుగా ఉంది. ఒకటి ముఖం మాత్రమే. రెండింటిలో బంతి విసురుతుంటాడు. ఒకదాంట్లో వెనక చెట్లు ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. పోగేసేవాళ్ళకి ఈ చెట్లు ఉండటం, లేకపోవడం పెద్ద పట్టింపు.

బెండర్ 1884లో మిన్నెసోటాలో పుట్టాడు. చిన్నప్పుడే ఇంటికి దూరంగా బడికి పంపేశారు. తర్వాత పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో చదివాడు. 1903లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుకి బౌలర్ లాంటి స్థానంలో, వాళ్ళు పిచ్చర్ అంటారు, చేరి పన్నెండు సీజన్లు ఆడాడు. 1911 వరల్డ్ సిరీస్‌లో అతను బంతి విసురుతుంటే ఎదురుగా న్యూయార్క్ జెయింట్స్ తరఫున బ్యాటు పట్టుకుని నిలబడ్డది కాహుయిల్లా తెగ వాడు జాన్ టోర్టెస్ మేయర్స్. దేశంలోకెల్లా పెద్ద పోటీలో ఇటొక ఆదివాసి, అటొక ఆదివాసి. నాకు ఇది చదివినప్పుడు గూస్‌బంప్స్ వచ్చాయి, అబద్ధం ఎందుకు.

పత్రికలు ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచాయి. చీఫ్ బెండర్, చీఫ్ మేయర్స్. ఆదివాసీ ఆటగాడు ఎవడొచ్చినా చీఫే. వాళ్ళలో ఎవరూ ఏ తెగకీ నాయకులు కాదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళని కాలేజీలో ‘ఏయ్ ఏజెన్సీ’ అని పిలుస్తారు చూడండి, అలాగన్నమాట. బెండర్ ఆటోగ్రాఫ్ అడిగితే చార్లెస్ బెండర్ అనే రాసిచ్చేవాడు. మేయర్స్ పేరైతే ఆ సెట్ వాళ్ళు సరిగ్గా రాయను కూడా లేదు. మూడు కార్డుల్లో ఒకదాని మీద మేయర్స్ స్పెల్లింగ్ సరిగ్గా ఉంది, మిగతా రెండింటి మీద ఒక అక్షరం ఎగిరిపోయింది.

ఇదే సెట్‌లో ఉంది ప్రపంచం మొత్తం మాట్లాడుకునే కార్డు, హోనస్ వాగ్నర్‌ది. అతను తన బొమ్మ ఆపించాడు. పిల్లలు సిగరెట్లు కొనడం ఇష్టం లేక అని కొందరు, డబ్బులివ్వలేదని కొందరు అంటారు. బయటికి వచ్చినవి కొద్దే. ఇప్పుడు తెలిసినవి 50, 60 ఉంటాయి. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి అమ్ముడైంది. అప్పటి లెక్కన 55 కోట్ల రూపాయల పైనే.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. వాగ్నర్ కార్డులు 50 పైగా ఉన్నాయి. అదే సెట్‌లో జో డోయల్ అనే అంతగా పేరులేని పిచ్చర్ కార్డు ఉంది. అతని జట్టు పేరు పక్కన లీగ్ పేరు తప్పుగా అచ్చేశారు, వెంటనే సరిదిద్దారు. తప్పు అచ్చు ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే మిగిలాయి. మామూలు మనిషి వాగ్నర్ పేరు విన్నాడు కానీ డోయల్ పేరు వినలేదు. అరుదు వేరు, ఖరీదు వేరు. ఖరీదు నిర్ణయించేది ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే కాదు, ఎంతమందికి కావాలి అన్నది కూడా. డోయల్ కార్డుకి కనీసం పెద్ద సెట్‌లో భాగం అనే బలం ఉంది, కాబట్టి ఎవడో ఒకడు లెక్క రాసిపెట్టాడు. చిన్న చిన్న ఊళ్ళ మిఠాయి కంపెనీలు, బేకరీలు వేసిన సెట్లకి ఆ లెక్క కూడా లేదు.

ఇప్పుడు కార్లైల్ గురించి చెప్పకపోతే కథ నడవదు. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బ్యారక్‌లలో పెట్టిన బడి అది. పిల్లల్ని తెగల నుంచి వేరు చేసి తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు. 1918లో మూసేశారు. అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు నేటికీ ఉన్నాయి. 2017 నుంచి కొందరి అస్థికలు వాళ్ళ తెగలకి తిరిగి అప్పగిస్తున్నారు. మన హాస్టళ్ళతో పోల్చను. మన హాస్టల్లో సాంబారు నీళ్ళలాగుంటుందని గొడవ చేయగలం, సెలవులకి ఇంటికి పోగలం. కానీ ఇంటి భాష గదిలో ఒకలా, క్లాసులో ఒకలా నాలుక మీద తిప్పుకోవడం మనలో చాలామందికి తెలుసు.

ఆ బడి ఫుట్‌బాల్ జట్టు 1890ల నుంచే హార్వర్డ్, యేల్ లాంటి పెద్ద కాలేజీలతో తలపడింది. 1894లో మేయో అనే పొగాకు కంపెనీ ఫుట్‌బాల్ కార్డులు 35 వేసింది. ఆ 35 మందీ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కుర్రాళ్ళే. పెద్దింటి పిల్లలు. అందులో హార్వర్డ్ వాడి కార్డు ఒకటి పేరు లేకుండా అచ్చయింది. ఆ మనిషి డన్‌లాప్ అని తర్వాత తేల్చారు. ఇప్పుడది ఆ సెట్‌లోకెల్లా గొప్ప అపురూపం. పేరు పడనివాడు కూడా అపురూపమే, వాడు హార్వర్డ్ వాడైతే. ఆ తర్వాత ఆటగాళ్ళ పేర్లతో చెప్పుకోదగ్గ పూర్తి ఫుట్‌బాల్ సెట్ రావడానికి 1935 దాకా పట్టింది. కార్లైల్ జట్టు వెలిగిన కాలం మొత్తం ఆ ఖాళీలోనే పోయింది. 1911లో వాళ్ళు హార్వర్డ్‌ని 18-15తో ఓడించారు. ఆ ఆటలో నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టినవాడు జిమ్ థోర్ప్.

థోర్ప్ గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సాక్ అండ్ ఫాక్స్ తెగ. తల్లి పెట్టిన పేరుకి అర్థం వెలుగుబాట. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో బంగారు పతకాలు. మరుసటి ఏడాదే రెండూ లాగేసుకున్నారు. 1909, 1910 వేసవుల్లో చిన్న లీగ్‌లో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడట, కాబట్టి అమెచ్యూర్ కాదట. ఆ పని తెల్ల కాలేజీ కుర్రాళ్ళు చాలామంది దొంగపేర్లతో చేశారు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. ఫిర్యాదు చేయడానికి నిబంధనల్లో ఉన్న 30 రోజుల గడువు అప్పటికే దాటిపోయింది, అదెవరికీ పట్టలేదు. అతను చనిపోయాక ఎప్పుడో 1982లో ఇంకొకరితో కలిపి ఉమ్మడి విజేత అన్నారు. 2022 జూలైలో గానీ ఏకైక విజేత అని ఒప్పుకోలేదు.

1913లో అతను న్యూయార్క్ జెయింట్స్‌లో చేరాడు, మేయర్స్‌తో ఒకే గదిలో ఉండేవాడు. కానీ అప్పటికి సిగరెట్ కార్డుల పెద్ద అల వెనక్కి పోయింది. 1911లోనే సుప్రీంకోర్టు అమెరికన్ టొబాకో కంపెనీని ముక్కలు చేసింది, టి206 కూడా ఆ ఏడాదితోనే ఆగిపోయింది. భూమ్మీద అందరికన్నా గొప్ప ఆటగాడు అని పేరు పడ్డ మనిషికి ఆ పెద్ద సెట్‌లో చోటు లేదు. 1916లో షికాగోలో అచ్చయిన 200 కార్డుల సెట్‌లో అతను ఉన్నాడు. ఆ కార్డుల వెనక వైపు ఖాళీగా ఉండేది. ఏ దుకాణం కొంటే ఆ దుకాణం ప్రకటన అచ్చేసుకునేది. అందుకే ఒకే బొమ్మకి వెనక ఎన్నో రకాలు. ఏదో ఊరి బట్టల కొట్టు పేరున్న వెనక వైపు కోసం ముసలాళ్ళు ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నారు.

నల్లజాతి ఆటగాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 1947 దాకా వాళ్ళని పెద్ద లీగుల్లోకే రానివ్వలేదు, ఇంక కార్డులెక్కడివి? ఆస్కార్ చార్ల్‌స్టన్ అనే మహా ఆటగాడి కార్డు కావాలంటే 1920లలో క్యూబాలో సిగరెట్‌లతో వచ్చిన సెట్లలో వెతకాలి. తన దేశం వేయని బొమ్మ పక్క దేశం వేసింది. వేసినవే కొన్ని, వేడి, తేమ, పురుగు తినగా మిగిలినవి ఇంకా కొన్ని.

ఇంతవరకు చెప్పింది పుట్టుకలోనే వచ్చిన కరువు. కావాలని చేసిన కరువు కూడా ఉంది. ఇది నాకు మరీ విచిత్రంగా అనిపించింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మిఠాయి కంపెనీ 1911 నుంచి 1938 దాకా జీనట్ అనే మిఠాయితో పడమటి తీరం ఆటగాళ్ళ కార్డులు ఇచ్చింది. చాలా ఏళ్ళు కార్డు అడుగున ఒక కూపన్ ఉండేది. పిల్లలు దాన్ని చింపి పంపితే బహుమతి. పిల్లలు చింపకుండా ఉంటారా? కాబట్టి కూపన్‌తో సహా మిగిలిన జీనట్ కార్డు ఇప్పుడు దొరకడం గగనం. 1932లో యూఎస్ కారమెల్ కంపెనీ 32 కార్డులు మొత్తం తెచ్చినవాళ్ళకి బహుమతి అంది. 16వ నంబరు లిండ్‌స్ట్రామ్ కార్డు మాత్రం బయటికి రానిచ్చింది దాదాపు లేదు. ఎన్ని మిఠాయిలు తిన్నా 31 దగ్గర ఆగిపోతావు. దశాబ్దాల పాటు అలాంటి కార్డు ఉందని కూడా చాలామందికి తెలియదు. 1933లో గౌడీ అనే బబుల్‌గమ్ కంపెనీ 240 కార్డుల సెట్ అని చెప్పి 106వ నంబరు అసలు వేయనే లేదు. పిల్లలు దానికోసం కొంటూనే ఉన్నారు. కంపెనీకి ఉత్తరాలు రాసి తగువు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం 1934లో అచ్చేసి పోస్టులో పంపింది. అది నెపోలియన్ లజోయ్ కార్డు. నోరున్న పిల్లాడికి కార్డు, లేనివాడికి గమ్ము.

అదే గౌడీ 1933లో స్పోర్ట్ కింగ్స్ అని 48 కార్డుల సెట్ వేసింది. ఆటలన్నీ కలిపి. బేబ్ రూత్ ఉన్నాడు, హవాయి దీవుల మూలవాసి ఈతగాడు డ్యూక్ కహనమోకు ఉన్నాడు, ఫుట్‌బాల్ కింద జిమ్ థోర్ప్ ఉన్నాడు. ఆ 1930ల మొదట్లో థోర్ప్ లాస్ ఏంజిలిస్‌లో దినకూలీకి మట్టి తవ్వాడు. సినిమాల్లో ఇండియన్ చీఫ్ లాంటి చిల్లర వేషాలు వేశాడు. అట్టముక్క మీద మాత్రం ఆటల రాజు. అదే ఏడాది గౌడీ ఇండియన్ గమ్ అని ఇంకో సెట్ కూడా తెచ్చింది, మళ్ళీ ఈకలు, గొడ్డళ్ళు. 1888 నాటి గీత 45 ఏళ్ళయినా చెరగలేదు. థోర్ప్ ఒక్కడు ఆ గీత దాటి ఇవతలికి వచ్చాడు.

తర్వాత నాశనం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఊరూరా పాత కాయితాలు సేకరించింది. పిల్లలే ఇల్లిల్లూ తిరిగి పోగుచేశారు. ఆ కట్టల్లో ఎన్ని కార్డులు గుజ్జయిపోయాయో లెక్కలేదు. యుద్ధంలో కొత్త కార్డులు వేయడం కూడా ఆగింది. యుద్ధం తర్వాత అమ్మల వంతు. కొడుకు సైన్యానికో కాలేజీకో పోగానే అటక మీది చెప్పుల డబ్బా చెత్తలోకి. అమెరికాలో ఇది పెద్ద జోకు, ప్రతి ముసలాయనా ‘మా అమ్మ పారేయకపోతే నేను కోటీశ్వరుణ్ణి’ అంటాడు. నిజానికి అమ్మలు పారేయడం వల్లే మిగిలినవాటికి ఆ ధర. అందరూ దాచుకుంటే ఎవడు కొంటాడు?

కంపెనీలే పారేసిన సంగతి కూడా ఉంది. టాప్స్ కంపెనీ 1952 సెట్‌లో చివరి విడత కార్డులు సీజన్ అయిపోయాక అచ్చయ్యాయి, అమ్ముడుపోలేదు. గోదాంలో చోటు కోసం 1960లో ఒక పడవలోకి ఎక్కించి అట్లాంటిక్ సముద్రంలో పడేశామని ఆ సెట్ తయారుచేసిన సై బెర్గర్ తర్వాత స్వయంగా చెప్పాడు. అందులో మికీ మాంటిల్ కార్డు ఉంది. 2022 ఆగస్టులో అలాంటి ఒక్క కార్డుకి 1.26 కోట్ల డాలర్లు. మన డబ్బుల్లో దాదాపు 100 కోట్లు.

ఇంత నాశనంలోనూ కొన్ని బతికి ఉన్నాయంటే జెఫర్సన్ బర్డిక్ లాంటివాళ్ళ వల్ల. 1900లో పుట్టాడు, న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల ఫ్యాక్టరీలో పనివాడు. కీళ్ళవాతంతో చేతులు వంకరపోయాయి. బేస్‌బాల్ మీద పెద్ద ఇష్టం కూడా లేదట. చెత్త అనుకున్న ప్రతి అచ్చు ముక్కనీ పోగేశాడు. టి206 అనే పేరు పెట్టింది కూడా ఆయన కేటలాగే. టి అంటే ఇరవయ్యో శతాబ్దం పొగాకు కార్డు, ఎన్ అంటే పందొమ్మిదో శతాబ్దం, ఇ అంటే తొలికాలం మిఠాయి. 1947 నుంచి తన 3 లక్షలకు పైగా ముక్కల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఇస్తూ వచ్చాడు, తర్వాత అక్కడే కూర్చుని తన చేత్తో ఆల్బమ్‌లలో అంటించాడు. అందులో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులు. 1963 జనవరిలో పని ముగించాడు, మార్చిలో చనిపోయాడు. ఇప్పటి వ్యాపారులు ఆయన జిగురు పెట్టి అంటించాడని తల పట్టుకుంటారు, ధర పోయిందని. నాకైతే ఆ జిగురే మంచిపని అనిపిస్తుంది. ఇక వాటిని ఎవరూ ఊడదీసి అమ్ముకోలేరు.

అంటించనివాటి గతి వేరు. 1991లో పీఎస్‌ఏ అనే సంస్థ వచ్చింది. కార్డు పంపితే చూసి, 1 నుంచి 10 దాకా మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలేసి పంపుతుంది. మొట్టమొదటి నంబరు ఒక వాగ్నర్ కార్డుకి ఇచ్చారు, 8 మార్కులేశారు. ఆ కార్డు అంచుల్ని తానే కత్తిరించానని దాన్ని అమ్మిన వేలం వ్యాపారి 2013లో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. అయినా ఆ కార్డు విలువ పడిపోలేదు. చరిత్ర ఉన్న దొంగతనం కూడా విలువే అక్కడ.

మార్కులు వచ్చాక కార్డు షేర్‌మార్కెట్ కాయితంలా అయింది. 2020, 2021లో కరోనా ఇళ్ళల్లో కూర్చోబెట్టినప్పుడు జనం పాత డబ్బాలన్నీ దులిపారు. పీఎస్‌ఏకి వచ్చిన కార్డుల గుట్ట ఎంతంటే 2021 మార్చిలో చాలా రకాల సేవలు ఆపేసుకోవాల్సి వచ్చింది. ఆ దెబ్బకి అటకలు ఖాళీ అయ్యాయి. పెట్టుబడి పెట్టేవాడు పేరున్న కార్డు కొని కొన్నేళ్ళకి అమ్ముతాడు, అందుకే అది చేతులు మారుతూ కనబడుతుంది. అంతగా తెలియని కార్డు కొనేవాడు అమ్మడానికి కొనడు. తన సెట్‌లో ఆ ఒక్క గుంత పూడ్చడానికి కొంటాడు. పూడ్చాక అది చచ్చేదాకా కదలదు. ఉన్న నాలుగూ నలుగురి ఇళ్ళల్లో ఆగిపోతే అయిదోవాడికి మార్కెట్ ఖాళీ. ధర ఎంతో చెప్పడానికి పాత అమ్మకాలే ఉండవు. అలాంటి చోటే నకిలీలు కూడా సులువుగా దూరతాయి, ఎందుకంటే పక్కన పెట్టి పోల్చుకోవడానికి అసలుది ఎవరి దగ్గరా ఉండదు.

కొత్తగా ఏమీ బయటపడవా అంటే పడతాయి. 2012లో ఒహాయో రాష్ట్రం డిఫయన్స్ ఊళ్ళో తాతగారి అటక మీద ఒక కుటుంబానికి 700 దాకా 1910 నాటి మిఠాయి కార్డులు దొరికాయి, నూరేళ్ళు ఎవరూ ముట్టనివి. మొదటి విడత 37 కార్డులే 5 లక్షల డాలర్లకు పైగా తెచ్చాయి. ఒక్క రోజులో ఆ సెట్ మంచి కార్డుల లెక్క మొత్తం తారుమారైంది. కానీ అటక ఎవరికి ఉంటుంది? తరతరాలు ఒకే ఇంట్లో, కదలకుండా ఉన్నవాళ్ళకి. రిజర్వేషన్ల మీదకి తరిమేసినవాళ్ళకి, పిల్లల్ని బడులకి లాక్కుపోయినవాళ్ళకి అటక ఎక్కడిది? ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన మన తమ్ముళ్ళని అడగండి, ఇల్లు మారేటప్పుడు మొదట పోయేవి ఫొటోలే.

థోర్ప్ విషయంలో అయితే కార్డు సరే, మనిషి శరీరమే చేజారింది. 1953లో చనిపోతే ఆయన మూడో భార్య శవాన్ని పెన్సిల్వేనియాలోని ఒక ఊరికి అప్పగించింది. ఆయన బతికుండగా ఆ ఊరితో సంబంధమే లేదు. ఆ ఊరు తన పేరే జిమ్ థోర్ప్ అని మార్చుకుంది, పర్యాటకులు వస్తారని. ఓక్లహోమాలో తెగ దగ్గర పెట్టాలని కొడుకులు కోర్టుకెళ్ళారు. కింద కోర్టులో గెలిచి, 2014లో పై కోర్టులో ఓడిపోయారు. 2015లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

ఇదంతా డబ్బున్నోళ్ళ సరదా, మనకెందుకు అని ఎవరైనా కామెంట్ పెడతారని తెలుసు. సరదా వాళ్ళదే, కాదనను. బొమ్మలో ఉన్న మనిషి మాత్రం వాళ్ళవాడు కాదు. ఇంకో సంగతి, అన్నీ తాళాల వెనకే లేవు. ఎడ్వర్డ్స్ అనే ఆయన పోగేసిన 2,100 బేస్‌బాల్ కార్డులు, 1887 నుంచి 1914 దాకా ఉన్నవి, కవి కార్ల్ శాండ్‌బర్గ్ చేతికి వచ్చాయి. ఆయన 1954లో వాటిని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేశాడు. ముందూ వెనకా స్కాన్ చేసి పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. హాస్టల్ వైఫై రాత్రి పదకొండు తర్వాత కాస్త నడుస్తుంది కదా, అప్పుడు తెరవండి. బెండర్ ముఖం ఉన్న కార్డు పెద్దది చేసి చూస్తే మడతలు, మూలల దగ్గర అరిగిన అట్ట కూడా కనిపిస్తాయి. ఏదో పిల్లాడు జేబులో వేసుకుని తిరిగిన అరుగుదల అది.

టి206 కార్డు కింద అచ్చయి ఉన్నది ఇంటిపేరు, ఊరు, లీగ్ అంతే. బెండర్, ఫిలడెల్ఫియా, అమెరికన్ లీగ్. చీఫ్ అన్న మాట ఆ బొమ్మ కింద లేదు. అయితే మీరు కార్డు వెతికేటప్పుడు చార్లెస్ అని కొడితే దారి తప్పుతారు. కేటలాగులో ఆయన ఇప్పటికీ ‘చీఫ్ బెండర్’ పేరు మీదే ఉన్నాడు, అదే టైప్ చేయండి.